పొలం పాస్‌బుక్కు, ఎంబీఏ సీటు

ఇంజనీరింగ్ అయ్యాక ఎంబీఏ ఎక్కడ చెయ్యాలన్నది క్యాట్ స్కోరుని బట్టి తేలుతుందని చాలామంది అనుకుంటారు. మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మాత్రం చాలామందికి అది బ్యాంకులో మేనేజరు గారి బల్ల ముందు తేలింది.

అసలు ఎంబీఏ మనకేం కొత్త కాదు. మన ఆంధ్రా యూనివర్సిటీ 1957లోనే మొదలుపెట్టింది. (ప్రకాశం బ్యారేజీ పూర్తయిందీ ఆ ఏడే.) కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది 1961లో. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981లో పెట్టారు, అక్కణ్ణుంచి మా వైపు ఇంటికో ఇంజనీరు తయారవడం మొదలైంది. వాళ్ళ పైచదువులకి డబ్బెక్కడిది? నాన్న, మేనమామ, నూటికి రెండు రూపాయల వడ్డీ, మరీ తప్పకపోతే ఓ అరెకరం బేరం.

2001లో బ్యాంకులన్నిటికీ కలిపి ఒక నమూనా విద్యారుణ పథకం వచ్చింది. 4 లక్షల దాకా ఏ తాకట్టూ అక్కర్లేదు. తర్వాత చేసిన మార్పులతో 7.5 లక్షల దాకా ఇంకొకరి ష్యూరిటీ సంతకం, అది దాటితే ఆస్తి తాకట్టు అన్నారు. అప్పట్లో ఐఐఎం ఫీజు ఏడాదికి లక్షన్నర, అంటే కోర్సంతా కలిపి 4 లక్షల గీత లోపలే. 2004లో మురళీమనోహర్ జోషి దాన్ని ఏడాదికి 30,000 చెయ్యమన్నారు, పెద్ద గొడవైంది, ఈలోగా ఎన్నికల్లో ప్రభుత్వం మారి ఆ సంగతి అటకెక్కింది. 2008కి అహ్మదాబాద్‌లో రెండేళ్ళ ఫీజు 11.5 లక్షలైంది. 4 లక్షల గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

సరిగ్గా ఆ ఏడే మా పెదనాన్నగారబ్బాయికి ఒక మంచి కాలేజీలో సీటొచ్చింది. ఫీజు తొమ్మిది లక్షలు. రేపల్లె దగ్గర మూడున్నర ఎకరాల మాగాణి, దర్జాగా పాస్‌బుక్కు పట్టుకుని వెళ్ళారు పెదనాన్న. మేనేజరు గారు చూసి, "పొలం వద్దండీ, ఇల్లుంటే కాయితాలు తీసుకురండి" అన్నారు.

పెదనాన్నకి అది అవమానంలా తోచింది. నిజానికి అందులో మేనేజరు తప్పేమీ లేదు. బాకీ కట్టనివాళ్ళ ఆస్తిని కోర్టుకెళ్ళకుండా స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది, కానీ వ్యవసాయ భూమిని అందులోంచి మినహాయించింది. రైతుని కాపాడ్డానికే, మంచిదే. కానీ ఆ మంచితనం వల్లే రైతు కొడుకు అప్పడిగేటప్పుడు పొలం లెక్కలోకి రాలేదు. పోనీ ఇల్లు? అది గ్రామకంఠంలో ఉంది. తాతల నాటి ఇల్లు, ఇంటిపన్ను రసీదులు తప్ప రిజిస్టరు కాయితం లేదు. ఊళ్ళో ఆసామి, బ్యాంకులో ఏమీ లేనివాడు!

తెనాలిలో పెద్దమ్మ తమ్ముడికి రిజిస్టరు కాయితాలున్న డాబా ఉంది. ఆయన ఇస్తానన్నాడు కూడా. పెద్దమ్మే ఒప్పుకోలేదు. "వాడికీ ఇద్దరు ఆడపిల్లలున్నారు, వాడి ఇల్లు తాకట్టు పెట్టి నా కొడుకుని చదివించుకోను" అంది. అన్నయ్య రెండ్రోజులు గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత ఐసెట్ రాసి, రోజూ ఇంటినుంచి వెళ్ళొచ్చే కాలేజీలో చేరాడు. ఇప్పటికీ చుట్టాలెవరైనా అడిగితే "దగ్గరని అదే ఎంచుకున్నా" అంటాడు.

2015లో కేంద్రం ఒక హామీ నిధి పెట్టి, తాకట్టు లేని గీతని 7.5 లక్షలకి జరిపింది. నా వంతు వచ్చేసరికి పెద్ద కాలేజీల్లో ఫీజు 20 లక్షలు దాటింది, నేను ఉద్యోగంలో చేరిపోయాను. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకానికి కేబినెట్ ఒప్పుకుంది. ఎంపికచేసిన కాలేజీల్లో సీటొస్తే తాకట్టూ ష్యూరిటీ రెండూ అక్కర్లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్నవి అందులో ముఖ్యం. పొలానికీ డాబాకీ బదులు ఇప్పుడు కాలేజీ ర్యాంకే ష్యూరిటీ అన్నమాట. నాకు ఇది మెరుగనే అనిపిస్తుంది, జాబితా బయట మిగిలిపోయిన వాళ్ళకి మాత్రం కథ పాతదే.

ఊరికే ఉండలేక ఆ జాబితా తీసి చూశాను. అన్నయ్య చదివిన కాలేజీ లేదు. వదులుకున్నది ఉంది. ఆయనకి చెప్పలేదు.