అప్రెంటిస్‌షిప్ ఐటీఐ పిల్లలకే కాదు

అప్రెంటిస్‌షిప్ అంటే ఐటీఐ పిల్లలకే అనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కిందికి ఇంజినీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా వాళ్లు 1973లోనే వచ్చారు. 2014 సవరణతో బీఏ, బీకాం చదివినవారికీ అవకాశం దక్కింది. 2020లో యూజీసీ, డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్‌ను కలిపేందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాలేజీ కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. విద్యార్థి అక్కడ పనిచేసిన కాలానికి క్రెడిట్లు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ అయితే అదే ఏడాది మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది.

అయితే ఇంటర్న్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. అప్రెంటిస్‌కు రిజిస్టరైన ఒప్పందం, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెడితే అది రెండూ కాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఖాయమనీ లేదు, అది కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. ఏ కంపెనీ, ఎన్ని నెలలు, స్టైపెండ్ ఎంత అన్నది అడ్మిషన్‌కు ముందే కాలేజీలో అడిగి తెలుసుకోవాలి.