తొమ్మిది అంగుళాల చరిత్ర

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే పక్కన పిల్లర్లు లేచి ఉన్నాయి. పక్కింటాయన పాత పెంకుటిల్లు పడగొట్టి రెండంతస్తులు కడుతున్నారు. సంతోషమే. కానీ కొత్త గోడ మా వైపు తొమ్మిది అంగుళాలు జరిగిందని నాన్నగారి అనుమానం. హద్దు రాయి ఏదీ అంటే పునాది తవ్వకంలో పోయిందన్నారు. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అని పిలిచే మనిషికి ఆ నాలుగు రోజులూ మొహం చాటేసి తిరిగాను. కోర్టుకెళ్దాం అన్నాన్నేను. "ముందు కొలిపిద్దాం" అన్నారు నాన్న.

సర్వేయరు వచ్చేలోగా ఊరికే కూర్చోలేక ఈ హద్దుల గొడవ ఎప్పటిదా అని తిరగేశాను. చాలా పాతది!

మనుస్మృతి లెక్కపెట్టిన పద్దెనిమిది రకాల వ్యాజ్యాల్లో సీమావివాదం ఒకటి. హద్దు మీద మర్రి, రావి, మోదుగ, తాడి లాంటి చెట్లు నాటమంటుంది. చెట్టు కొట్టేస్తేనో? దానికి బ్యాకప్ కూడా ఉంది :) ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు లాంటి మట్టిలో తొందరగా కలవని వాటిని భూమిలో పాతిపెట్టమంటుంది. అవీ తేల్చకపోతే సాక్షులు ఎర్రబట్టలు కట్టుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని, ప్రమాణం చేసి చెప్పాలి. యాజ్ఞవల్క్య స్మృతిలోనూ ఈ ప్రకరణం ఉంది. దాని వ్యాఖ్యానమైన మితాక్షరను ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు. తన దశకుమారచరిత్రను తిక్కనకి అంకితమిచ్చిన కేతనే.

అంటే అప్పట్లో హద్దు మనుషుల జ్ఞాపకంలో ఉండేది. దాన్ని కాగితం మీదకి తెచ్చింది ఇంగ్లీషు వాళ్ళ రెవెన్యూ సర్వే. వాళ్ళ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఎకరంలో వందో వంతు సెంటు, అంటే 48.4 గజాలు. తెలంగాణ వాళ్ళ గుంట ఎకరంలో నలభయ్యో వంతు, 121 గజాలు. పొలం పొలానికీ ఈ కొలతలతో గీసిన పటాలే ఎఫ్.ఎం.బి.లు.

ఆ తర్వాత వచ్చింది మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం, 1923. పేరు మారినా ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అదే ఆధారం. సర్వే ముగిసిందని నోటిఫికేషన్ ఇచ్చాక, సివిల్ కోర్టు మారిస్తే తప్ప ఆ హద్దే ఖాయం. కోర్టుకెళ్ళడానికి గడువు మూడేళ్ళు. ఇంకో సంగతి, సర్వే రాళ్ళని కాపాడాల్సిన బాధ్యత పట్టాదారుదే. మనలో ఎంతమందికి తెలుసు?

అయితే ఆ పటాలు శిస్తు కోసం గీసినవి, గోడల కోసం కాదు. ఒక లింకే దాదాపు ఎనిమిది అంగుళాలు. 1:2000 స్కేలు పటంలో మా తొమ్మిది అంగుళాలు 0.11 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ గీత మందం కూడా లేదు! ఇక గ్రామకంఠాల్లో చాలాచోట్ల ఇంటింటి కొలతలే లేవు. డ్రోన్లతో వాటిని కొలిచే స్వామిత్వ పథకం 2020లో గానీ మొదలవలేదు.

సర్వేయరు వచ్చారు. లేఅవుట్ కాగితం పట్టుకుని రోడ్డు వైపు మిగిలిన రాళ్ళ నుంచి కొలుచుకుంటూ వచ్చారు. నాన్న అనుమానం నిజమే, తొమ్మిది అంగుళాలు. నేను గెలిచినట్టు చూస్తుండగానే ఆయన వెనక్కి వెళ్ళి ఇంకో మాట చెప్పారు. నాన్న కట్టించిన మా వంటింటి గోడ వెనకింటి వాళ్ళ స్థలంలోకి నాలుగు అంగుళాలు వెళ్ళిందట. నా నోట మాట లేదు.

బాబాయ్ మా మీదకొచ్చిన సన్‌షేడ్ కొట్టించేసి, వాన నీళ్ళకి తన వైపే పైపు పెట్టించారు. గోడ అలాగే ఉంది, కానీ అది మా స్థలమనీ మా అనుమతితోనే ఉందనీ లాయరు చేత కాగితం రాయించుకున్నాం. ఊరుకుంటే పన్నెండేళ్ళ తర్వాత ఆక్రమణే హక్కయిపోయే ప్రమాదం ఉంది. అనుమతి ఉన్నచోట ఆ వాదన నిలవదు. వెనకింటి వాళ్ళకి మేమూ అలాంటి కాగితమే రాసిచ్చాం.

ఊళ్ళో స్థలం ఉండి బెంగళూరులోనో బే ఏరియాలోనో ఉంటున్నారా? ఈసారి వెళ్ళినప్పుడు హద్దు రాళ్ళు ఉన్నాయో లేవో ఓసారి చూసుకోండి. పక్కవాళ్ళవే కాదు, మన గోడలు కూడా.