కట్టెల పంజరము

ద్రవముల రవాణాకై ఏర్పడిన 1000 లీటర్ల ప్లాస్టిక్ తొట్టెను వెలికిదీసి, దానిని చుట్టియున్న జస్తాపూత ఇనుప పంజరమునందు చీల్చిన కట్టెలను ఆరబెట్టి నిలువచేయు పద్ధతి ఇంగ్లండు మొదలగు శీతల దేశములందు కలదు. మనము వంటచెఱకందుము గాని, అచ్చట నది చలి కాగుటకే యెక్కువగా వినియోగపడును. నాలుగు ప్రక్కల గాలి యాడుటయు, అడుగుపీఠము నేలతేమను సోకనీయకుండుటయు, నిండిన పంజరమును ట్రాక్టరుతో నట్లే యెత్తి కొట్టమునకు జేర్పగలుగుటయు దీని సుగుణములు. పైన మాత్రమే కప్పవలెను. ప్రక్కలను గూడ టార్పాలినుతో బిగించినచో నావిరి వెలికి రాక బూజు పట్టును. పచ్చికట్టె బరువులో సగము వఱకు నీరుండవచ్చును. అది 20 శాతమునకు దిగినగాని పొగ తగ్గదు. 2021 మే నుండి ఇంగ్లండులో చిన్న మొత్తములుగా నమ్ము కట్టెలకు చట్టము విధించిన హద్దును ఇదియే. చివరల నెఱ్ఱెలు విచ్చి, రెండు ముక్కలను తాకించినపుడు ఖంగున మ్రోగినచో కట్టె యారినట్లు.