అరికాలి కింద రొద

ముసలితనంలో మనిషి తూలడానికి కాళ్ళలో సత్తువ తగ్గడమే కారణమని మనం సాధారణంగా అనుకుంటాం. మా నాయనమ్మ మాత్రం "కాలి కింద నేల తెలియడం లేదురా" అనేది. వైద్యచరిత్ర చదివినకొద్దీ ఆవిడ మాటే సరైన రోగనిర్ణయమని నాకనిపిస్తోంది. నేల ఒత్తిడిని అరికాలి చర్మం పసిగట్టి మెదడుకు కబురు చేరవేయాలి. వయసు మీదపడితే, మధుమేహం తోడైతే, ఆ కబురు బలహీనపడుతుంది.

కంపనంతో చికిత్స కొత్తది కాదు. 1892లోనే పారిస్‌లో షార్కో పార్కిన్సన్ రోగులకు అదిరే కుర్చీని వర్ణించాడు. అయితే నేను చెప్పబోయేది రోగికి తెలియనే తెలియని కంపనం. దాని మూలం వైద్యంలో లేదు, హిమయుగాల చర్చలో ఉంది!

భూకక్ష్యలో సుమారు లక్ష ఏళ్ళకొకసారి వచ్చే మార్పు వల్ల సూర్యరశ్మిలో కలిగే తేడా అత్యల్పం. అది హిమయుగాన్ని ఎలా తెస్తుంది? వాతావరణంలోని క్రమంలేని ఒడుదొడుకులే, అంటే రొదే, ఆ బలహీన సంకేతాన్ని గడప దాటిస్తుందని 1981లో రొబెర్తో బెంజి తదితర ఇటలీ శాస్త్రవేత్తలు ఊహించారు. నిండిన చెరువులో గాలి లేపిన అల కట్ట మీదుగా దొర్లినట్టన్నమాట. దీన్ని స్టొకాస్టిక్ రెజొనెన్స్ అన్నారు. తెలుగులో 'యాదృచ్ఛిక అనునాదం' అందామా? ఇంతకంటె మంచి మాట తోస్తే చెప్పండి.

హిమయుగాల సంగతి వివాదంగానే మిగిలినా, ఊహ మాత్రం జీవశాస్త్రానికి పాకింది. రొయ్యను పోలిన క్రేఫిష్ తోక నాడులలో ఈ ప్రభావాన్ని 1993లో ఫ్రాంక్ మాస్ బృందం చూపింది. 1996లో జేమ్స్ కాలిన్స్ బృందం మనిషి స్పర్శలోనూ చూపింది.

2003లో కాలిన్స్ సహచరులు లాన్సెట్ పత్రికలో తమ ప్రయోగాన్ని ప్రచురించారు. జెల్ అట్టల్లో చిన్న కంపన పరికరాలు అమర్చి, 15 మంది యువకులను, సగటున 73 ఏళ్ళున్న 12 మంది వృద్ధులను కళ్ళు మూయించి వాటిపై నిలబెట్టారు. కంపనాన్ని పాదానికి తెలియనంత మంద్రంగా ఉంచారు. శరీరం ఊగడం తగ్గింది. యువకులలో కంటె వృద్ధులలో ఎక్కువగా తగ్గింది. 2006లో మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారి పైన, పక్షవాతం వచ్చినవారి పైన జరిపిన ప్రయోగంలోనూ అంతే. మొదట ఎక్కువగా ఊగేవారికే మేలు ఎక్కువ.

అయితే, నిలబడినప్పుడు ఊగడం తగ్గడం వేరు, చీకట్లో మెట్లు దిగుతూ పడకుండా ఉండడం వేరు. ఈ రెండు ప్రయోగాలూ కొలిచింది మొదటిదాన్నే.