తిక్క ముద్ర ఎవరికి, వైద్యం ఎవరికి?

మా శాంతిపురం, కుప్పం పల్లెల్లో ‘తిక్క’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి జబ్బు. రెండోది, ఉండమన్న చోట ఉండకపోవడం. పెద్దకులపాయన ఎదురుగా అరుగు మీద కూర్చున్న హరిజనవాడ పిల్లోడికి తిక్క. చీర కట్టుకుంటానన్న కొడుక్కి తిక్క. ఈ రెండర్థాలనూ కలిపేసింది చదువులేని పల్లెజనం మాత్రమే కాదు. డాక్టర్లు, చట్టాలు రాసిన దొరలు, నవాబులు కూడా ఆ పనే చేశారు. ఆ చరిత్రలో రెండు అన్యాయాలు జంటగా నడుస్తాయి: లేని జబ్బును అంటగట్టడం, ఉన్న జబ్బుకు వైద్యం అందకుండా చేయడం.

పారిపోతే రోగం

ముందు ఒక దూరదేశపు సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ తర్కం అక్కడ ఏ దాపరికమూ లేకుండా బయటపడింది. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, యజమాని దగ్గర్నుంచి పారిపోయే నల్లజాతి బానిసలకు ఒక మానసిక రోగం ఉందని రాశాడు. దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టాడు. అతను చెప్పిన వైద్యాల్లో కొరడాదెబ్బ ఒకటి. జీతగాడు పని మానేసి పోతే ‘వానికి కొవ్వెక్కింది’ అనే మన ఆసామి మాటకూ దీనికీ తేడా ఎంత? డాక్టరు గ్రీకు పేరు పెట్టాడు, అంతే. తమ వృత్తి జాతి వివక్షలో పాలుపంచుకుందని అమెరికా మానసిక వైద్యుల సంఘం క్షమాపణ చెప్పింది 2021లో. అంటే 170 ఏళ్ల తర్వాత!

మన దగ్గర ఈ వైద్యం తెల్లదొర చేతుల మీదుగా వచ్చింది. చిత్తూరు ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు కిల్పాక్‌లో పిచ్చాసుపత్రి 1871లో తెరిచారు. రాంచీలోనైతే యూరోపియన్లకు 1918లో, భారతీయులకు 1925లో వేర్వేరు ఆసుపత్రులు పెట్టారు. పిచ్చి వచ్చినా రంగు గీత చెరగలేదన్నమాట. 1912 నాటి లునసీ చట్టం, దిక్కులేకుండా తిరిగే ‘పిచ్చివాళ్ల’ను పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే అధికారం పోలీసులకిచ్చింది. దిక్కులేకుండా తిరిగేదెవరు? ఇల్లూ భూమీ లేనివాళ్లు. ఆ చట్టం స్థానంలో కొత్తది రావడానికి 1987 దాకా పట్టింది.

రిజిస్టరులో పేరు

కిల్పాక్ ఆసుపత్రి తెరిచిన 1871లోనే బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్తులన్న ఆ చట్టం, 1911 తర్వాత మన ఎరుకల, యానాదుల మీదా పడింది. ఎక్కువమందికి తెలియనిది దాని రెండో భాగం. అది హిజ్రాల మీద రాసింది. ఉత్తర భారతంలో వాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కించారు. వీలునామా రాసే హక్కు, బిడ్డను దత్తత తీసుకునే హక్కు తీసేశారు. సంచారకులాలకూ హిజ్రాలకూ ఒకే చట్టం రాయడం యాదృచ్ఛికం కాదు. పాలకుడి దృష్టిలో ఇద్దరూ లెక్కకు లొంగని మనుషులే.

నిజాం ప్రభుత్వం 1919లో, అంటే 1329 ఫసలీలో, అలాంటి చట్టమే తెచ్చింది. ఆడ బట్టలు కట్టుకుని బజారులో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. నిజాం పోయాడు, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. చట్టం మాత్రం పుస్తకాల్లో అట్లే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకు వెళ్తే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

పోలీసు రిజిస్టరు పక్కనే డాక్టరు రిజిస్టరు కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రోగాల అధ్యాయంలో ఉండేది. దాన్ని అక్కడినుంచి తీసేసిన పట్టికకు 2019లో ఆమోదం దొరికింది, 2022లో అమల్లోకొచ్చింది. ‘మార్చే వైద్యం’ పేరుతో మందులూ మాటలూ రుద్దడాన్ని 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు నిషేధించింది. అది వృత్తి దుష్ప్రవర్తనేనని జాతీయ వైద్య కమిషన్ మరుసటి ఏడాది ప్రకటించింది.

తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కుకుని ఆడవేషం కడతారు. జనం దండం పెడతారు. జాతర అయిపోయాక అదే చీర కట్టినవాణ్ణి వేపమండలతో కొడతారు, తాయెత్తు కడతారు, లేదంటే ఆసుపత్రికి ఈడ్చుకెళ్తారు. వేషమైతే భక్తి, జీవితమైతే తిక్క. ఇంట్లో పడిన దెబ్బల సంగతి రేవతి తన ఆత్మకథలో రాశారు. పి. సత్యవతి అనువాదంతో అది ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి వచ్చింది. మన కార్యకర్తలు చదవాల్సిన పుస్తకం.

ఉన్న జబ్బు, అందని వైద్యం

ఇంతకీ మనవాళ్లకు మానసిక బాధలే లేవా? ఉన్నాయి. అవమానం రోజూ తినేవాడికి నిద్ర ఎట్లా పడుతుంది? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. మనం ఆ లెక్కలోకి కూడా రాలేదు. పల్లెకు మానసిక వైద్యం చేర్చే జిల్లా కార్యక్రమానికి 1980లలో నమూనా అయింది మన పక్కనున్న బళ్లారే. అయినా పెద్ద జబ్బు చేస్తే కుప్పం మనిషి కూలి మానుకుని బెంగుళూరు నిమ్‌హాన్స్‌కు రైలెక్కాల్సిందే.

ఆసుపత్రి చేరాక మరో గోడ. కులం పేరుతో జరిగిన అవమానం చెబితే ‘అవన్నీ మనసులో పెట్టుకోవద్దమ్మా’ అంటారు. కారణాన్ని మనిషి లోపలికి తోసేస్తారు. దేశం ముందు ఇది ఒకసారి బాహాటంగానే జరిగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు దళిత విద్యార్థుల్లో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. దానికి వ్యక్తిగత నిరాశే కారణమని రూపన్‌వాల్ కమిషన్ తేల్చింది. అదీ ఒక రోగనిర్ణయమే. కులం ఒక మానసిక స్థితి అని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు మాత్రం ఇంతవరకూ ఏ డాక్టరూ చీటీ రాయలేదు!

దళిత ట్రాన్స్ మనుషులకు ఈ రెండు గోడలూ ఒకేసారి అడ్డొస్తాయి. తమిళనాడులో గ్రేస్ బాను కుల రిజర్వేషన్‌ లోపలే ట్రాన్స్ వాటా అడుగుతున్నది అందుకే. మన ఉద్యమాలు ఆ మాటను ఇంకా సొంత డిమాండు చేసుకోవాలి.

చేతిలో ఉన్న ఆయుధం

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని మన సంఘాలు చదవాలి. అందులో 3వ సెక్షన్ ప్రకారం సామాజిక హోదాను బట్టి గానీ, జాతి, మతాలను బట్టి గానీ, ఊరి కట్టుబాట్లకు ఒప్పుకోలేదని గానీ ఎవరికీ మానసిక రోగి ముద్ర వేయకూడదు. అంటే తిక్కకున్న ఆ రెండో అర్థం చట్టం లెక్కలో చెల్లదు. 18వ సెక్షన్ వైద్యంలో వివక్షను నిషేధిస్తూ కులం, జెండర్, లైంగికత అని పేర్లు పెట్టి చెప్పింది. 95వ సెక్షన్ గొలుసులతో కట్టేయడాన్నీ, మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టడాన్నీ నిషేధించింది.

అన్నిటికంటే పనికొచ్చేది 14వ సెక్షన్. మన తరపున మాట్లాడే మనిషిని మనమే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ మనిషి కూడా ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. అతను కుటుంబంవాడే కానక్కర్లేదు. కొట్టి ఆసుపత్రికి తెచ్చిన అన్నే సంతకం పెట్టాలన్న రూలు లేదు. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డకు ఈ కాగితం విలువ ఎంతో ఆలోచించండి.

చట్టం దానంతటది కుప్పం ఆసుపత్రి గడప దాటి లోపలికి రాదు. ఈ సెక్షన్లు తెలుగులో రాసి గోడకంటించాలి. తోడుగా వెళ్లే మనుషులు ప్రతి వాడలో ఇద్దరుండాలి. వైద్య రికార్డులు అడిగే హక్కు 25వ సెక్షన్ రోగికిచ్చింది. డాక్టరు మన గురించి ఏం రాశాడో అడిగి తీసుకుని చదవాలి. ఇంతకాలం మన గురించి రాసిన రిజిస్టర్లన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నాయి.