బ్లాక్ హోల్ ఫొటో తీసిన నియోబియం ముక్క

మొన్న జనగామలో ఒక డిగ్రీ కాలేజీకి పోయిన. 2019 ఏప్రిల్ 10న విడుదలైన బ్లాక్ హోల్ ఫొటో తెర మీద చూపిస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఈ కెమెరా ఏ కంపెనీది?" అని అడిగింది. అందరూ నవ్విన్రు. నేను నవ్వలేదు, ఎందుకంటే అసలు అడగాల్సిన ప్రశ్న అదే. అది ఏ కంపెనీ కెమెరా కాదు. దాని గుండెకాయ లాంటి ముక్క వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు చిన్నది. ఇయ్యాల దాని చరిత్ర చెప్పుకుందాం.

చుక్కల నడుమ చీకటిగా కనపడే చోట చల్లటి గ్యాసు, దుమ్ము ఉంటాయి. కొత్త నక్షత్రాలు పుట్టేది అక్కడే. అంత చల్లటి పదార్థం కంటికి కనపడే వెలుగు ఇవ్వదు, మిల్లీమీటర్ తరంగాలు ఇస్తుంది. 1970లో అమెరికాలో విల్సన్, జెఫర్ట్స్, పెన్జియాస్ అనే ముగ్గురు 2.6 మిల్లీమీటర్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ సంకేతాన్ని అంతరిక్షంలో పట్టుకున్నరు. అప్పటి నుంచి ఈ దారి తెరుచుకుంది.

కానీ ఒక చిక్కు ఉంది. రిసీవర్ వేడిగా ఉంటే అది కూడా సొంతంగా గోల చేస్తది. భూపాలపల్లి చెల్పూరులో కరెంటు ఫ్యాక్టరీ టర్బైన్ పక్కన నిలబడి, అవతలి ఊర్లో ఎవరో గుసగుసలాడితే వినమన్నట్టు ఉంటది. వినాలంటే ముందు మన పక్కనున్న గోల తగ్గాలె.

ఈ తరంగాల కథ మొదలైంది మన దేశంలోనే అని చాలామందికి తెల్వదు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలు పుట్టించి చూపించిండు. వాటిని పట్టడానికి గెలీనా అనే సీసపు ఖనిజం స్ఫటికాన్ని వాడిండు. ఆ డిటెక్టర్‌కు 1901లో పేటెంట్ అడిగితే 1904లో అమెరికా ఇచ్చింది.

1911లో హాలండ్‌లో కామెర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లార్చిండు. దాంట్లో కరెంటుకు అడ్డంకి మొత్తమే మాయమైంది. అదే సూపర్ కండక్టర్. 1960లో గేవర్ అనే ఆయన, రెండు లోహాల నడుమ అతి పల్చని పొర పెట్టినా, ఎలక్ట్రాన్లు సొరంగం తవ్వినట్టు అవతలికి దాటుతున్నయని సూపర్ కండక్టర్లతో చూపిండు.

1979లో ఈ రెండూ కలిసినయి. బెల్ ల్యాబ్స్‌లో ఒక జట్టు, బర్క్‌లీలో ఒక జట్టు, రెండు సూపర్ కండక్టర్ పొరల నడుమ నానోమీటర్ మందం పొర పెట్టి రిసీవర్ చేసిన్రు. దాని లెక్క ఎట్ల వేయాలో అదే ఏడాది జాన్ టక్కర్ సిద్ధాంతం చెప్పిండు. ఆకాశం నుంచి వచ్చిన సంకేతాన్ని ఇక్కడ పుట్టించిన సంకేతంతో ఆ పొర కలుపుతది. రెండింటి తేడా తక్కువ ఫ్రీక్వెన్సీలో బయటికి వస్తది. మన పాత రేడియోలో జరిగేది కూడా ఇదే.

మొదట సీసం మిశ్రమం వాడిన్రు. చల్లార్చి, మళ్లీ వేడెక్కిస్తే అది పాడయ్యేది. 1983లో బెల్ ల్యాబ్స్ వాళ్లు నియోబియం మీద పల్చని అల్యూమినియం పొర వేసి, దాన్నే ఆక్సైడ్ చేసి, పైన మళ్లీ నియోబియం పెట్టిన్రు. అది గట్టిగా నిలబడ్డది.

అసలు పనితనం డిజైన్‌లో ఉంది. ఆ మూడు పొరలు కెపాసిటర్ లాగ పనిచేసి, సంకేతాన్ని పక్కదారిలో పోనిస్తయి. దాన్ని సరిచేయడానికి పక్కనే సన్నని నియోబియం పట్టీని కాయిల్ లాగ గీస్తరు. పట్టీ పొడవు కొన్ని మైక్రాన్లు తప్పితే రిసీవర్ వేరే ఫ్రీక్వెన్సీకి పోతది. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న అల్మా 66 యాంటెన్నాల్లో, 2017లో బ్లాక్ హోల్‌ను చూసిన ఎనిమిది టెలిస్కోపుల్లో పనిచేసింది ఈ రకం రిసీవర్లే.

మరి మనం ఎక్కడున్నం? 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. మన ఇండ్లల్ల పెద్దలు తలుపులు వేసుకున్న రోజు. అదే రోజు ఉస్మానియా వాళ్లు రంగాపూర్‌లో 10 గిగాహెర్ట్జ్ రేడియో టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి కొలిచిన్రు. అది మూడు సెంటీమీటర్ల తరంగం. తర్వాత బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థ 10.4 మీటర్ల మిల్లీమీటర్ టెలిస్కోప్ కట్టింది. ఇగ నియోబియం సంగతి అంటరా, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో ఆ లోహం తయారైతది.

కానీ లోహం ఉంటే సరిపోదు. ఆ మాట మహబూబాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాల్నా? బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది, 2014 విభజన చట్టంలో ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలించాలని రాసిన్రు, ఇంకా ఎదురుచూస్తనే ఉన్నం. ఖనిజానికీ వస్తువుకూ నడుమ చెయ్యి తిరిగిన మనుషులు కావాలె. గెలీనా డిటెక్టర్ మన దగ్గర పుట్టినా, 1979 తర్వాత ఈ కథను నడిపిన ల్యాబులు ఎక్కువగా అమెరికా, యూరప్, జపాన్‌లవి.

అందుకే ఆ అమ్మాయితో ఇట్లన్న: "బిడ్డా, అది కంపెనీ కెమెరా కాదు. నీలాంటోళ్లు కూర్చుని మైక్రాన్ల లెక్కన గీసిన బొమ్మ. ఫిజిక్స్ లెక్కలు గట్టిగా నేర్చుకో, తర్వాతి బొమ్మ నువ్వు గీయొచ్చు." ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.