కృష్ణబిలాన్ని మోగించి చూసిన బెంగుళూరాయన

బెంగుళూరులో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాల్లో పిల్లల్ని తీసుకుని చౌడయ్య రోడ్డులోని నెహ్రూ ప్లానిటోరియానికి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉంటారు. దాని మొదటి డైరెక్టరు సి.వి. విశ్వేశ్వర. ఆయన అసలు పని మాత్రం అంతకు ఇరవయ్యేళ్ళ ముందు, అమెరికాలో జరిగింది.

1960ల చివర్లో ఆయన మేరీలాండ్ యూనివర్సిటీలో చార్లెస్ మిస్నర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నారు. అప్పటికి 'బ్లాక్ హోల్' అన్న పేరే కొత్త. 1916 నాటి ష్వార్జ్‌షిల్డ్ లెక్క కాగితం మీద ఉంది గానీ, అలాంటిది ఆకాశంలో నిజంగా ఉంటుందా అని పెద్దపెద్దవాళ్ళకే అనుమానం. విశ్వేశ్వర వేసిన ప్రశ్న మన టెస్టింగువాళ్ళు రోజూ వేసేదే: దీన్ని కాస్త కదిపితే ఏమవుతుంది? చెదిరిపోయేదైతే ఇక వెతకడమే దండగ కదా. రెజ్జీ, వీలర్‌లు 1957లో మొదలుపెట్టిన ఈ లెక్కని ఆయన పూర్తిచేసి, చెదరదని తేల్చారు.

నాకు నచ్చింది ఆ తర్వాతి ముచ్చట. కంప్యూటర్లో ఒక కృష్ణబిలం మీదికి గురుత్వ తరంగాల అలని వదిలారు. వెడల్పాటి అల వదిలితే విశేషమేమీ లేదు, వెళ్ళిన ఆకారంలోనే తిరిగొచ్చింది. (మనమైతే అక్కడే 'పాస్' అని రాసేసి టీకి వెళ్ళిపోయేవాళ్ళం.) ఆయన వెడల్పు తగ్గిస్తూ పోయారు. అల బిలం సైజుకి దగ్గరయ్యేసరికి, తిరిగొచ్చేదాని వెనక ఓ తోక కనబడింది. గుడిగంట మోతలాగా ఊగుతూ ఊగుతూ సన్నగిల్లిపోయే తోక! దేంతో కొట్టినా మోత అదే. మోతని బట్టి బిలం బరువు చెప్పొచ్చన్నమాట. 1970లో 'నేచర్'లో ఒక చిన్న పేపరుగా వచ్చింది.

తర్వాత నలభై అయిదేళ్ళు ఆ మోతని విన్నవాళ్ళు లేరు. 2015 సెప్టెంబరు 14న లైగో యంత్రాలు మొదటిసారి గురుత్వ తరంగాలని పట్టాయి. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సుమారు 36, 29 సూర్యులంత బరువున్న రెండు బిలాలు ఢీకొని ఒకటైన అల అది. చివర్లో కొన్ని మిల్లీసెకన్ల పాటు అదే తోక! 2016 ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. 2017 జనవరిలో విశ్వేశ్వర పోయారు. ఆ ఏడాది నోబెల్ లైగో కట్టించినవాళ్ళకి వచ్చింది, న్యాయమే. ఆయన ఆ తోకని చూసుకుని వెళ్ళారు, అంతవరకు నాకు సంతోషం.

2025 జనవరి 14న ఇంకా గట్టిగా మోగిన ఢీ ఒకటి దొరికింది. అందులో ఒకటి కాదు, ఒకటికి మించిన స్వరాలు విడివిడిగా విన్నారు.